వార్తలు చదివే ఇళ్లు, వార్తలు రాసే పిల్లలు

ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చే రోజుల్లో మన ఇళ్లలో జరిగే చర్చ అందరికీ తెలిసినదే. ఇంజనీరింగ్‌లో సీటు వస్తుందా, మెడిసిన్‌కు ర్యాంకు సరిపోతుందా, రెండూ కాకపోతే ఫార్మసీలో చేర్పించాలా, బీకాం కంప్యూటర్స్ చాలా? బంధువుల్లో ఎవరి అబ్బాయి ఏం చదివాడో, గల్ఫ్‌లో ఎవరికి ఎంత జీతం వస్తున్నదో లెక్క వేసి నిర్ణయం చేస్తారు. ఈ లెక్కలో లేని మాట పిల్లవాడి నోట వచ్చిందనుకోండి. "అబ్బా, నేను మాస్ కమ్యూనికేషన్ చదువుతాను, పత్రికలో పనిచేస్తాను" అన్నాడనుకోండి. తండ్రి ముఖం చిన్నబోతుంది. తల్లి వెంటనే మామయ్యకు ఫోన్ చేస్తుంది. ఆ మాట అన్నది అమ్మాయి అయితే చర్చకు కూడా తావుండదు.

మరోవైపు అదే ఇంట్లో ఉదయం పత్రిక రాగానే వినిపించే మాట ఏమిటి? "చూశారా, మన గురించి మళ్లీ ఎలా రాశారో!" సాయంత్రం టీవీ ముందు కూర్చున్నా అదే మాట. జుమా నమాజు ముగిసి మసీదు మెట్ల మీద చెప్పులు వేసుకునేటప్పుడు కూడా అదే మాట. పత్రికలు మనల్ని అర్థం చేసుకోవడం లేదని బాధపడుతున్నాం. పత్రికల్లో పని నేర్పే చదువుకు మాత్రం మన పిల్లల్ని పంపం. ఈ రెండూ ఒకే ఇంట్లో ఎలా ఇముడుతున్నాయో ఈ శుక్రవారం కాస్త ఆలోచించమని కోరుతున్నాం.

మా అభిప్రాయం ముందే చెబుతాం. ఆసక్తి ఉండి, భాష మీద పట్టు ఉన్న పిల్లలను ఈ చదువుకు పంపాలి. అయితే కళ్లు తెరిచి పంపాలి. ఆ చదువులో ఏముందో, దాని తర్వాత జీతం ఎంతో, కష్టం ఎంతో తెలుసుకుని పంపాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకు పంపుతున్నామో తెలిసి పంపాలి. మన తరఫున వాదించే వకీలు కోసమైతే న్యాయ కళాశాల ఉంది. పత్రికకు కావలసింది అందరి గురించీ నిజం రాసే మనిషి.

ఈ చదువులో ఏముంది?

చాలామంది పెద్దల దృష్టిలో ఈ చదువంటే మైకు పట్టుకుని కెమెరా ముందు నిలబడటం. అది ఈ చదువులో ఒక చిన్న భాగం మాత్రమే. డిగ్రీ సాధారణంగా మూడేళ్లు. 2020 జాతీయ విద్యా విధానం వచ్చాక ఆనర్స్ పేరిట నాలుగో ఏడు కూడా చదివే వీలు కలిగింది. వరుస కాలేజీని బట్టి మారుతుంది గాని, మొదట భాష, రాత, పత్రికల చరిత్ర, రాజ్యాంగం, సమాజం గురించిన పాఠాలు ఉంటాయి. తర్వాత వార్తా సేకరణ, సబ్ ఎడిటింగ్, పేజీ కూర్పు, ఫొటోగ్రఫీ, రేడియో, టీవీ కార్యక్రమాల తయారీ, ప్రకటనలు, పౌరసంబంధాలు వస్తాయి. ఇప్పుడు ఇంటర్నెట్‌లో వార్తలు ఇచ్చే పద్ధతులు, సెల్‌ఫోన్‌లో చూసే వీడియోల తయారీ కూడా పాఠ్యాంశాల్లో చేరాయి. చివరి ఏడాది ఒక పరిశోధన పత్రమో, చిన్న డాక్యుమెంటరీయో తయారు చేయాలి. ఏదైనా పత్రికలోనో, చానల్‌లోనో కొన్ని వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి.

వార్త రాయడం ఎలా నేర్పుతారో చూడండి. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే ఆరు ప్రశ్నలకు జవాబు లేకుండా వార్త పూర్తి కాదు. ముఖ్యమైన సంగతి మొదటి పేరాలోనే రావాలి. పేజీలో చోటు చాలనప్పుడు సబ్ ఎడిటర్ వార్తను కింది నుంచి కత్తిరిస్తాడు గనుక, చివర పెట్టిన మాట పాఠకుడికి చేరుతుందన్న హామీ లేదు. రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యం, దానికి ఉన్న పరిమితులు, పరువు నష్టం చట్టం, 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం, 2005 నాటి సమాచార హక్కు చట్టం ఇవన్నీ ఈ చదువులో భాగమే. రేపు ఆ పిల్లవాడు పత్రికలో చేరినా చేరకపోయినా, పింఛను ఎందుకు ఆగిందో, వక్ఫ్ స్థలం రికార్డు ఎక్కడుందో ఏ కార్యాలయాన్ని ఎలా అడగాలో తెలిసిన మనిషి ఒకరు ఇంట్లో ఉంటారు.

ఈ చదువులో మరో పాఠం ఉంది. అది పాఠకులమైన మనకు కూడా అవసరం. అమెరికాలో 1968 ఎన్నికల సమయంలో చాపెల్ హిల్ అనే పట్టణంలో మెకోంబ్స్, షా అనే ఇద్దరు అధ్యాపకులు ఎటూ తేల్చుకోని ఓటర్లను ప్రశ్నించారు. దేశంలో ముఖ్యమైన సమస్యలు ఏవని ఓటర్లు చెప్పారో, పత్రికలు, టీవీ వేటికి ఎక్కువ చోటు ఇచ్చాయో పోల్చి చూశారు. రెండు జాబితాలూ దాదాపు సరిపోయాయి. 1972లో ఆ పరిశోధన అచ్చయింది. ప్రజలు ఏ అభిప్రాయానికి రావాలో పత్రిక నిర్ణయించలేకపోవచ్చు గాని, వేటి గురించి ఆలోచించాలో చాలావరకు అదే నిర్ణయిస్తుందన్నది దాని సారాంశం. మన బస్తీలో డ్రైనేజీ పొంగి ఆరు నెలలైనా వార్త కాకపోవడం, ఇద్దరు కుర్రాళ్లు కొట్టుకుంటే వెంటనే వార్త కావడం ఎందుకో ఈ పాఠం చదివినవాడికి అర్థమవుతుంది. ఆ ఎంపిక జరిగే బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారన్నదే అసలు ప్రశ్న.

ఇది మనకు కొత్త విద్యా?

మదరసాలో చదివినవారికి ఈ విద్య మూలసూత్రం కొత్తది కాదు. హదీసు గ్రంథం తెరిస్తే మొదట కనిపించేది సనద్. ఎవరు ఎవరి దగ్గర విన్నారు, వారు ఎవరి దగ్గర విన్నారు అనే వరుస అది. ముహద్దిసులు ఆ వరుసలోని ప్రతి రావీ జీవితాన్నీ పరిశీలించారు. అతని జ్ఞాపకశక్తి ఎలాంటిది, నిజాయితీ ఎలాంటిది, ఎవరి దగ్గర విన్నానంటున్నాడో వారిని అసలు కలిశాడా అని విచారించారు. దీని కోసం అస్మావుర్రిజాల్ అనే ఒక శాస్త్రమే ఏర్పడింది. మాట ఎంత మంచిదైనా, మనసుకు ఎంత నచ్చినా, సనద్ అబద్ధమైతే దాన్ని మౌజూ అని పక్కన పెట్టారు. వార్త అందినప్పుడు విచారించుకోవాలన్న ఆజ్ఞ హుజురాత్ సూరాలో ఉన్న సంగతి కూడా మనకు తెలుసు. నేడు జర్నలిజం తరగతిలో ఉపాధ్యాయుడు "నీకు ఎవరు చెప్పారు? ఆయన స్వయంగా చూశాడా? రెండో మనిషిని అడిగావా?" అని విద్యార్థిని నిలదీస్తున్నాడు. ఆ ప్రశ్నలను మన పెద్దలు ఎంతో కాలం క్రితమే అడిగారు. అలాంటి వారసత్వం ఉన్న మనమే సెల్‌ఫోన్‌కు వచ్చిన ప్రతి మాటనూ విచారించకుండా పది మందికి పంపుతున్నామంటే సిగ్గుపడవలసిన విషయం.

పత్రికా చరిత్రలో కూడా మనం పరాయివాళ్లం కాము. ఉర్దూలో తొలి పత్రిక జామె జహాఁ నుమా 1822లో కలకత్తాలో వెలువడింది. దాన్ని నెలకొల్పినవారు హరిహర్ దత్తా, సంపాదకుడు సదాసుఖ్ లాల్. భాషకు మతం లేదని చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. ఢిల్లీ ఉర్దూ అఖ్బార్ నడిపిన మౌల్వీ ముహమ్మద్ బాఖిర్ 1857 తిరుగుబాటు వార్తలు నిర్భయంగా ప్రచురించారు. ఆ ఏడాదే ఆంగ్లేయులు ఆయన ప్రాణం తీశారు. మౌలానా అబుల్ కలాం ఆజాద్ 1912లో ప్రారంభించిన అల్ హిలాల్ ప్రభుత్వ ఆంక్షల వల్ల 1914లో ఆగిపోయింది. ఆ మరుసటి ఏడాదే ఆయన అల్ బలాగ్ పేరుతో మళ్లీ పత్రిక తెచ్చారు. మన హైదరాబాదులో 1949లో ఆబిద్ అలీ ఖాన్, మహబూబ్ హుసేన్ జిగర్ కలిసి సియాసత్ స్థాపించారు.

చదువు సంగతికి వస్తే, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో 1938లోనే జర్నలిజం డిప్లొమా మొదలైంది. అది ఎక్కువ కాలం సాగలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం శాఖ 1954లో ఏర్పడింది. తెలుగు పత్రికల్లో పేరు తెచ్చుకున్న ఎందరో ఆ తరగతి గదుల నుంచి వచ్చినవారే. ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియాలో మాస్ కమ్యూనికేషన్ కేంద్రం 1982 నుంచి నడుస్తున్నది. హైదరాబాదు గచ్చిబౌలిలో 1998లో ప్రారంభమైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఈ విద్యను ఉర్దూ మాధ్యమంలోనే బోధించే శాఖ ఉంది. తలుపులు ఎప్పటినుంచో తెరిచే ఉన్నాయి. లోపలికి వెళ్లేవారే తక్కువ.

మనవాళ్లు లేని చోట ఏం జరుగుతున్నది?

చిన్న విషయాలతో మొదలుపెడదాం. ఏటా మొహర్రం రాగానే కొందరు నాయకులు "ముస్లిం సోదరులకు మొహర్రం శుభాకాంక్షలు" అని ప్రకటన ఇస్తారు, అది అలాగే అచ్చవుతుంది. కర్బలా విషాదాన్ని తలచుకునే రోజులకు శుభాకాంక్షలు ఏమిటని ఎవరికీ అనిపించదు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగను హిందువులు, ముస్లింలు కలిసి జరుపుకుంటారు, అందులో సందడి ఉంటుంది. నగరంలో ఆషూరా నాటి ఊరేగింపు శోకంతో సాగుతుంది. రెండూ నిజమే. ఈ తేడా తెలిసిన మనిషి డెస్క్‌లో ఉంటే రెండింటినీ సరిగా రాస్తాడు.

ఫత్వా అనే మాట తీసుకోండి. ఎవరైనా ఒక ప్రశ్న అడిగితే ముఫ్తీ ఇచ్చే ధార్మిక అభిప్రాయమే ఫత్వా. దానిని చట్టబద్ధంగా ఎవరి మీదా అమలు చేయలేరు. సుప్రీంకోర్టు 2014లో ఇచ్చిన తీర్పులో ఈ మాటే స్పష్టం చేసింది. అయినా తెలుగు వార్తల్లో ఫత్వా అంటే హుకుం అనే అర్థం స్థిరపడిపోయింది. రాజకీయ నాయకుడు తన పార్టీవారికి ఆదేశం ఇచ్చినా "ఫత్వా జారీ" అని శీర్షిక పెడుతున్నారు. మాట అర్థం మారిపోతే ఆ మాట వెనుక ఉన్న మనుషుల మీద అభిప్రాయం కూడా మారిపోతుంది.

ఇలాంటివన్నీ ద్వేషంతో జరుగుతున్నాయని మేము అనుకోవడం లేదు. ఒక జిల్లా వార్త ఎలా తయారవుతుందో చూడండి. మండలంలో ఉండే విలేఖరి పోలీసు స్టేషన్‌లో చెప్పిన నాలుగు మాటలు రాసి పంపుతాడు. రాత్రి డెస్క్‌లో సబ్ ఎడిటర్ ముందు అలాంటివి పదుల సంఖ్యలో ఉంటాయి. ఎడిషన్ వెళ్లే సమయం దగ్గర పడుతుంది. "ఇద్దా అంటే ఏమిటి? ఈ పేరు ఎలా రాయాలి? ఈ సంస్థ నిజంగా ఉందా?" అని అడగడానికి పక్క కుర్చీలో తెలిసినవాడు ఉండాలి. లేకపోతే తోచినట్టు రాసి పేజీలో పెట్టేస్తాడు. తొందర, తెలియనితనం కలిసి చేసే పొరపాట్లే చాలావరకు. ఆ పక్క కుర్చీలో కూర్చోవడానికి మనం మన పిల్లల్ని తయారు చేయలేదు.

అయితే కొన్నిసార్లు పొరపాటు పెద్దదై మనుషుల బతుకుల మీదికి వస్తుంది. 2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ సమావేశం తర్వాత జరిగింది గుర్తు చేసుకోండి. అంటువ్యాధి కాలంలో జాగ్రత్త పాటించకపోతే ఎవరిదైనా తప్పే, అందులో రెండో మాట లేదు. కాని కొన్ని చానళ్లు జబ్బుకే మతం అంటగట్టాయి. కూరగాయలు అమ్ముకునేవారిని పేరు అడిగి వెనక్కి పంపిన సంఘటనలు దేశంలో పలుచోట్ల జరిగాయి. ఆ సమావేశానికి వచ్చిన విదేశీయుల మీద పెట్టిన కేసులను అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం కొట్టివేస్తూ, పత్రికలు, టీవీలు సాగించిన ప్రచారాన్ని తప్పుపట్టింది. తీర్పు వచ్చింది గాని, ఆ బండివాడు పోగొట్టుకున్న రోజుకూలీని ఎవరు తెచ్చి ఇస్తారు?

వకీలు వేరు, విలేఖరి వేరు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పైన చెప్పినవి చదివి "అయితే మనవాణ్ని ఒకణ్ని పత్రికలో పెడితే మనకు అనుకూలంగా రాస్తాడు" అని ఎవరైనా అనుకుంటే, దయచేసి ఆ ఆలోచన మానుకోండి. అలా వెళ్లినవాడి మాటకు ఆ కార్యాలయంలో విలువ ఉండదు, పాఠకులలోనూ ఉండదు.

ఈ విషయంలో మనకు గురువు మన గడ్డమీదే పుట్టాడు. షోయబుల్లాఖాన్ హైదరాబాదులో ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రికకు సంపాదకుడు. నిజాం ప్రభుత్వం, రజాకార్లు విర్రవీగుతున్న రోజుల్లో, హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలవాలని రాశాడు. తన మతంవారే పాలకులు కదా అని కలం ఆపలేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి పత్రిక కార్యాలయం నుంచి ఇంటికి వెళుతుండగా రజాకార్లు ఆయనను హతమార్చారు. ఆ చేయి ఎవరి మెప్పు కోసమూ రాయలేదు. నేటికీ తెలుగు ప్రజలు మతభేదం లేకుండా ఆయన పేరు తలుస్తున్నారంటే కారణం అదే.

మన లోపల ఉన్న చెడును కూడా మనవాళ్లే రాయగలగాలి. 1991లో హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్లే విమానంలో పదేళ్ల బాలిక ఏడుస్తుంటే ఒక ఎయిర్‌హోస్టెస్ గమనించి ఆరా తీసింది. పక్కన కూర్చున్న అరవై ఏళ్ల సౌదీ వృద్ధుడు ఆమెను పెళ్లి చేసుకుని తీసుకుపోతున్నాడు. ఆ వార్త దేశమంతా మారుమోగింది. మన పరువు పోయిందని అప్పుడు బాధపడినవారు ఉన్నారు. పరువు పోయింది వార్త వల్లనా, ఆ పెళ్లి వల్లనా? వార్త వచ్చింది గనుకనే పాతబస్తీలో అలాంటి పెళ్లిళ్ల మీద జనం కన్ను పడింది. జోడే కీ రఖం పేరుతో ఆడపిల్ల తండ్రి దగ్గర గుంజే డబ్బు, అప్పు చేసి పెట్టే వలీమా విందులు, వక్ఫ్ భూములను కాపాడవలసిన చేతులే అమ్ముకోవడం, ఇవన్నీ బయటివాడు రాస్తే ఎగతాళి అంటాం. లోపల తెలిసినవాడు ఆధారాలతో రాస్తే అది సంస్కరణ అవుతుంది.

అంతేకాదు, మన పిల్లవాడు మన వార్తలే రాయాలన్న నియమం కూడా ఉండకూడదు. ధాన్యం కొనుగోలు కేంద్రంలో తరుగు పేరిట రైతును ఎలా ముంచుతున్నారో, గురుకుల హాస్టల్లో అన్నం ఎందుకు ఉడకలేదో, చెరువు శిఖం భూమి ఎవరి పేరు మీదికి మారిందో రాయాలి. "ఆ సలీం అనే విలేఖరి రాశాడంటే నిజమే అయి ఉంటుంది" అని ఊళ్లో రైతు అన్న రోజున, మన గురించి ఉన్న అపోహల్లో సగం వాటంతటవే పోతాయి.

జీతం ఎంత, కష్టం ఎంత?

ఇప్పుడు తండ్రులు అడిగే ప్రశ్నకు వద్దాం. నిజం చెప్పాలంటే, మొదటి జీతంలో ఈ చదువు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో పోటీ పడలేదు. మండల స్థాయి విలేఖరుల్లో చాలామందికి నెలజీతం ఉండదు. అచ్చయిన వార్తల కొలత ప్రకారం లైన్ అకౌంట్ కింద కొంత సొమ్ము ముడుతుంది. దానికి తోడు పండుగలకు, పత్రిక వార్షికోత్సవానికి ప్రకటనలు సేకరించమనే ఒత్తిడి ఉంటుంది. ఎవరి దగ్గర ప్రకటన తీసుకున్నాడో అతని మీద వార్త ఎలా రాస్తాడు? ఈ వృత్తికి పట్టిన పెద్ద జబ్బు ఇది. 2020లో కరోనా కాలంలో పత్రికలు పేజీలు తగ్గించుకున్నప్పుడు ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఈ సంగతులు పిల్లవాడికి ముందే తెలియాలి.

అయితే ఈ డిగ్రీకి పత్రిక ఒక్కటే దారి కాదు. ఆకాశవాణిలో, చానళ్లలో వార్తా విభాగాలు ఉన్నాయి. ప్రభుత్వంలో జిల్లా పౌరసంబంధాల అధికారి ఉద్యోగాలు, యూపీఎస్సీ ద్వారా భారత సమాచార సర్వీసు ఉన్నాయి. ఆసుపత్రులు, బ్యాంకులు, స్వచ్ఛంద సంస్థలు పౌరసంబంధాలకు మనుషులను పెట్టుకుంటాయి. ప్రకటనలు రాసేవారు, అనువాదకులు, గొంతు అరువిచ్చే కళాకారులు, వీడియో ఎడిటర్లు కావాలి. వ్యాపించే అబద్ధాలను పరిశీలించి నిజం తేల్చే సంస్థలు కొత్తగా పుట్టాయి. 2017లో ప్రతీక్ సిన్హా, ముహమ్మద్ జుబైర్ ప్రారంభించిన ఆల్ట్ న్యూస్ వాటిలో ఒకటి. హైదరాబాదులోని ఫ్యాక్ట్‌లీ సంస్థ ఈ పని తెలుగులో కూడా చేస్తున్నది.

ఇంకో మాట. పత్రికలో చేరాలంటే డిగ్రీలోనే ఈ సబ్జెక్టు చదవాలన్న నిబంధన లేదు. అర్థశాస్త్రమో, చరిత్రో, సైన్సో చదివి తర్వాత జర్నలిజంలో పీజీ చేయవచ్చు. పెద్ద తెలుగు దినపత్రికలు కొన్ని తమ సొంత జర్నలిజం పాఠశాలల ద్వారా పట్టభద్రులను తీసుకుంటున్నాయి. అక్కడ పరీక్షించేది ముఖ్యంగా తెలుగు, ఇంగ్లిషు నుంచి తెలుగులోకి అనువాదం, లోకజ్ఞానం. కనుక దగ్గరలో మంచి మీడియా కాలేజీ లేనివారు నిరాశపడనక్కర్లేదు. పేరుకు కోర్సు పెట్టి పాతబడిన కెమెరా ఒకటి చూపించే కాలేజీలో లక్షలు పోయడం కన్నా, మంచి కాలేజీలో మామూలు బీఏ చదివి పీజీకి వెళ్లడం మేలు.

ఆడపిల్లల మాట

అమ్మాయిల విషయంలో తల్లిదండ్రుల భయాలను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. వార్తా కార్యాలయాల్లో పని రాత్రి పొద్దుపోయేదాకా ఉంటుంది. ఎక్కడెక్కడికో వెళ్లాలి. కనుక అడగవలసినవి అడగండి. రాత్రి ఇంటికి వాహనం ఇస్తారా? 2013 చట్టం ప్రకారం పనిచేసే చోట స్త్రీల ఫిర్యాదులు వినే కమిటీ ఉందా? డెస్క్, రేడియో, అనువాదం, బోధన వంటి విభాగాల్లో వేళలు ఎలా ఉంటాయి? జవాబులు సరిగా ఉంటే కాదనడానికి కారణం కనిపించదు.

మగ విలేఖరి గుమ్మం దగ్గరే ఆగిపోయే ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. బీడీలు చుట్టే అక్కలు, జర్దోజీ పనిచేసే అమ్మాయిలు, భర్త గల్ఫ్‌లో ఉండగా అత్తింట్లో నలిగే కోడళ్లు, వారి మాట ఎవరు వింటారు? లోపలికి వెళ్లి చాప మీద కూర్చుని, వారి ఉర్దూలోనే మాట్లాడి, ఆ మాటను మంచి తెలుగులో రాయగలిగిన అమ్మాయి కావాలి. జహీరాబాద్ దగ్గర 2008 నుంచి సంగం రేడియో నడుస్తున్నది. దాన్ని నడిపేది పల్లెటూరి దళిత మహిళలు. విత్తనాలు, వంటలు, పాటలు, తమ కష్టసుఖాలు తమ యాసలోనే మాట్లాడుతున్నారు. వ్యవసాయ కూలీ ఇళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు ఒక రేడియో కేంద్రం నడపగలిగినప్పుడు, ఇంటర్ పాసైన మన అమ్మాయి ఒక వార్త రాయలేదా?

చేర్పించే ముందు

కాలేజీకి వెళ్లినప్పుడు కట్టడం చూసి మురిసిపోకండి. బోధించేవారిలో పత్రికలోనో రేడియోలోనో పనిచేసినవారు ఎందరో అడగండి. కెమెరాలు, రికార్డింగ్ గది, ఎడిటింగ్ కంప్యూటర్లు విద్యార్థుల చేతికి ఇస్తారా, తాళం వేసి ఉంచుతారా చూడండి. విద్యార్థులే నడిపే పత్రిక ఉంటే పాత సంచికలు తెప్పించి చదవండి. ఇంటర్న్‌షిప్ ఎక్కడ ఇప్పించారో, పోయిన ఏడాది పాసైనవారు ఇప్పుడు ఏం చేస్తున్నారో కనుక్కోండి. కోర్సుకు విశ్వవిద్యాలయం గుర్తింపు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నాయో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి దోస్త్ ద్వారా జరుగుతున్నాయి. చాలా కేంద్రీయ విశ్వవిద్యాలయాలు 2022 నుంచి సీయూఈటీ పరీక్ష పెడుతున్నాయి. తేదీలు దాటిపోయాక పరుగెత్తితే ప్రయోజనం ఉండదు. మదరసాలో చదివిన పిల్లల కోసం ఉర్దూ విశ్వవిద్యాలయంలోను, అలీగఢ్‌లోను బ్రిడ్జి కోర్సులు ఉన్నాయన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

అసలు తయారీ ఇంట్లో మొదలవ్వాలి. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిషు అనే పరిస్థితిని మన పిల్లలు భారంగా చూస్తున్నారు. ఈ వృత్తిలో అదే పెట్టుబడి. కాని ఉర్దూ మాట్లాడటమే వచ్చి చదవడం రాకపోతే, తెలుగు చదవడమే వచ్చి ఒత్తులు లేకుండా రాయడం రాకపోతే పెట్టుబడి సగమే. మూడు భాషల్లో కనీసం రెండింటిలో తప్పు లేకుండా రాయడం అలవాటు కావాలి. నూర్‌బాషా కుటుంబాల్లో తెలుగే ఇంటి భాష గనుక, వారి పిల్లలకు ఇందులో సగం దారి ముందే పూర్తయినట్టు. రోజూ రెండు పత్రికలు పక్కపక్కన పెట్టి ఒకే వార్తను ఏది ఎలా రాసిందో పిల్లలతో పోల్చి చూపించండి.

తల్లిదండ్రులారా! ఈ ఏడాది మీ ఇంట్లో ఎవరైనా మాస్ కమ్యూనికేషన్ అనే మాట ఎత్తితే వెంటనే కాదనకండి, వెంటనే సరే అని కూడా అనకండి. ఒక నెల గడువు ఇవ్వండి. మీ వీధి నల్లాలో నీళ్లు ఎందుకు రావడం లేదో నలుగురిని అడిగి, మునిసిపల్ కార్యాలయానికి వెళ్లి విచారించి, రెండు పేజీలు రాసుకురమ్మనండి. రాసుకొచ్చిన తర్వాత కూర్చుని చదవండి. అందులో ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో, అవతలివారి మాట ఏమిటో ఉంటే, ఆ పిల్లవాడికైనా, అమ్మాయికైనా ఈ చదువు తగినదే. దరఖాస్తు నింపండి.